ముల్లు గెంతిన చోట

దోమెంగ్ శవపేటికను ముందుగదిలో, కిటికీ వైపు తల ఉండేలా పెట్టారు. పైన అద్దం మూత. ఇంటివాళ్ళ కన్నీటి చుక్క ఆ అద్దం మీద పడకూడదంటారు అక్కడ. అందుకని ఈసింగ్ వంగి చూసినప్పుడల్లా చేతిరుమాలు గడ్డం కింద పట్టుకునేది. భర్త మొహం ఆమెకి కొత్తగా ఉంది. పౌడరు దట్టంగా పులిమి, బతికుండగా ఎన్నడూ లేని పాపిడి తీశారు. చేతులు మాత్రం అతనివే. రొమ్ము మీద ఒకదానిపై ఒకటి పెట్టి, వేళ్ళ చుట్టూ జపమాల చుట్టారు. ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే ఆ చుట్టలో ఇమడలేదు. చిన్నప్పుడు పడవ తాడు మధ్య నలిగి విరిగి, వంకరగా అతుక్కున్న వేలు అది. దాన్ని సర్దబోయిన, శవాన్ని ముస్తాబు చేసే పనివాణ్ణి ఈసింగ్ వారించింది. అలాగే ఉండనీ అంది.

బయట సందులో టార్పాలిన్ కట్టి బల్లలు వేశారు. పగలు కూడా మనుషులు తెగలేదు. పేకముక్కలు, కాఫీ, బిస్కెట్లు, పుచ్చగింజల పొట్టు. కూతురు రోవెనా కెటిల్ పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతోంది. కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది తమ ఊరు ఒలంగపోలో అమెరికా నౌకాస్థావరం ఉన్న రోజుల్లో క్లబ్బుల్లో వాయించినవాళ్ళు. స్థావరం పోయి పదిహేనేళ్ళు దాటింది. ఒకడు మూడు చక్రాల బండి తోలుతున్నాడు, ఒకడు సెక్యూరిటీ గార్డు. వేళ్ళు మాత్రం ఇంకా బల్ల చెక్క మీద ఏదో ఒకటి వాయిస్తూనే ఉంటాయి.

వాళ్ళకి ఒక అలవాటు ఉంది. తమలో ఒకరు పోతే, శ్మశానానికి వెళ్ళే దారిలో, అతను మొదట వాయించిన క్లబ్బు ఉండిన చోట పేటికను కాసేపు ఆపుతారు. అక్కడ మిగిలినవాళ్ళు అతని పాట వాయిస్తారు. అతని పాట అంటే అతను కట్టిందే కానక్కర్లేదు. ఒక మలుపో, ఒక విరుపో, వినగానే ఇది ఫలానావాడిది అనిపించేది ఏదైనా చాలు. డ్రమ్ములు కొట్టినవాడికైనా ఒక దరువుంటుంది. ఇన్నాళ్ళూ ఎవరి విషయంలోనూ చర్చ రాలేదు. దోమెంగ్ దగ్గరికి వచ్చేసరికి ఏం వాయించాలో తేలలేదు. రేపు మధ్యాహ్నం ఖననం.

ఈసింగ్ కిటికీ ఇవతల కూర్చుని అంతా వింటోంది.

"ఆ పొడుగు పాటే వాయిద్దాం, ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు బదోంగ్. దోమెంగ్ వెనకాల ఇరవై ఏళ్ళు డ్రమ్ములు కొట్టినవాడు. "ఊరంతా వాడి చేతి మీదే విన్న పాట అది."

"అది ఆ ఇంగ్లీషువాడి పాట పరే," అన్నాడు తెరోయ్. పరే అంటే అక్కడ నేస్తమని. "దోమెంగ్‌ని పాతిపెడుతూ ఇంకోడికి దణ్ణం పెడదామా?"

తెరోయ్ కూడా గిటారిస్టే. తెల్లబడిన జుట్టు ఇప్పటికీ రబ్బరుబ్యాండుతో వెనక్కి కట్టుకుంటాడు. తన భాషలో తనే పాటలు కట్టుకున్నాడు. అందులో ఒకటి ఒకానొక వేసవిలో మనీలా రేడియోలో మోగింది. క్లబ్బుల్లో మాత్రం నిలవలేదు. ఒక్క సోలో కూడా రికార్డులో ఉన్నట్టు వాయించేవాడు కాదు, నావికులు గోల పెట్టేవాళ్ళు, యజమాని పంపించేసేవాడు. దోమెంగ్ దారి దానికి సరిగ్గా ఎదురు. రికార్డులో ఏముంటే అదే, ఒక్క విరుపు ఎక్కువ కాదు, తక్కువ కాదు. అలా వాయించడాన్ని అక్కడివాళ్ళు 'ప్లకాదో' అంటారు. క్లబ్బు యజమాని నోటి నుంచి అంతకు మించిన మెప్పు లేదు. దోమెంగ్‌ని ఊళ్ళో సగంమంది పేరుతో పిలిచేవాళ్ళే కాదు, 'ప్లాకా' అనేవాళ్ళు. అంటే రికార్డని.

మాట అక్కడి నుంచి గిటారిస్టుల్లో అసలు గొప్పవాడంటే ఎవడు అనే దాని మీదకి మళ్ళింది. ఈ తగువు వాళ్ళకి కొత్త కాదు, దోమెంగ్ బతికుండగా అతని ముందే చాలాసార్లు జరిగింది. బండి తోలేవాడు చేతివేగం అన్నాడు. వేగమే గొప్పయితే మా ఆవిడ కుట్టుమిషన్ని మించింది లేదని బదోంగ్ కొట్టిపారేశాడు. ఎవరో శబ్దం అన్నారు, ఎవరో గుండె అన్నారు. గుండె అన్నవాణ్ణి, నీకు బైపాస్ అయింది కదా నువ్వు మాట్లాడకు అని ఆటపట్టించారు. నవ్వులు పేటిక దాకా వచ్చాయి. ఈసింగ్‌కి కోపం రాలేదు. చావింట్లో నవ్వు వినబడకపోతే పోయినవాడికి స్నేహితుల్లేరనుకుంటారు.

"కళ్ళు మూసుకుని వింటే, ఒక్క తీగ మీటగానే ఎవడో తెలియాలి. నా లెక్కలో అదీ గొప్ప," అన్నాడు తెరోయ్.

"దోమెంగ్ మీటితే తెలిసేది."

"ఎవరని తెలిసేది, బదోంగ్?"

బదోంగ్ పుచ్చగింజ కొరికి పొట్టు ఉమ్మేశాడు. 

తెరోయ్ గొంతు తగ్గించాడు. తను వాణ్ణి తక్కువ చెయ్యడం లేదన్నాడు. అలాంటి చెవి ఈ లూజాన్ దీవి మొత్తంలో ఇంకోటి లేదు, ఉంటే తను వినలేదు. కానీ రికార్డు ఎంత బాగా పాడినా, ఆ రికార్డు గొప్ప గాయకుడు అనం కదా. అప్పుడు బదోంగ్, ఊళ్ళో పాతవాళ్ళంతా చెప్పుకునే ఒక నావికుడి సంగతి ఎత్తాడు. వియత్నాం వెళ్ళే ఓడలో వచ్చిన పిల్లవాడు, దోమెంగ్ వాయిస్తున్నంతసేపూ బల్ల మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, కారే కన్నీళ్ళు తుడుచుకోలేదు. వెళ్ళేటప్పుడు వేదిక ఎక్కి దోమెంగ్ చెయ్యి పట్టుకుని ఏమీ అనకుండా దిగిపోయాడు. ఆ క్షణంలో వాడు వాళ్ళింట్లో ఉన్నాడు పరే, వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళింది ఎవరు, అని అడిగాడు బదోంగ్.

"రికార్డు విన్నా ఏడుస్తారు," అన్నాడు తెరోయ్. ఆ మాట అన్నాక తనకే బాగా అనిపించలేదేమో, తల వంచుకుని కాఫీ తాగాడు.

ఈసింగ్ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. తెరోయ్ చెడ్డవాడు కాదు. ఈ అయిదు రోజుల్లో అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక వెళ్ళింది అతనే. అతను చెప్పేది అబద్ధమూ కాదు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటూ ఇప్పుడు ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

*

ఆమెకి పదిహేడేళ్ళప్పుడు వాళ్ళమ్మ నడిపే భోజనం కొట్లో, నాణెం వేస్తే పాడే పాటలపెట్టె ఉండేది. దోమెంగ్ అప్పుడే సంబాలెస్ పల్లె నుంచి గిటారు సంచీతో దిగాడు. అన్నం తినడానికి వచ్చేవాడు, తిన్నాక వెళ్ళేవాడు కాదు. పెట్టె పక్కన బల్ల మీద కూర్చుని, ఆ పొడుగు పాటే మళ్ళీ మళ్ళీ వేయించుకుని, తీగలు వినబడనంత మెల్లగా మీటుతూ నేర్చుకునేవాడు. ఈసింగ్ పళ్ళేలు కడుగుతూ వినేది. వినీ వినీ ఆ సోలో ఆమెకి కంఠతా వచ్చేసింది.

ఆ రికార్డు మీద గీత పడింది. సోలో పైస్థాయికి చేరి, ఇక ఊపిరి ఆగిపోతుందేమో అనిపించే చోట, ముల్లు టక్కున గెంతి ఎక్కడో కింద పడేది. మధ్యలో ముక్క పోయేది. అలా పోతోందని వాళ్ళెవరికీ తెలియదు. ఊళ్ళో ఆ పాట మరో చోట లేదు. పాటే అంత అనుకున్నారు. దోమెంగ్ ఆ గెంతు కూడా నేర్చుకున్నాడు. అదే అన్నిటికంటే కష్టమైంది. చెయ్యి గిటారు మెడ చివర ఉంటుంది, మరుక్షణం మొదట్లో ఉండాలి. మధ్యలో కన్నార్పేంత సమయం కూడా లేదు. వారాల తరబడి కుస్తీ పట్టి, చివరికి ఒక దారి కనిపెట్టాడు. పై తీగని ఆ వంకర చిటికెనవేలుతో పక్కకి నెట్టి, అది ఏడుస్తుండగానే వదిలేసి, ఆ ఏడుపు గాలిలో ఉండగానే చేతిని కిందకి జార్చేవాడు. తీగ తన చోటికి తిరిగి వచ్చేలోపు చెయ్యి కింది స్వరం అందుకునేది. ముల్లు గెంతిన చోట ఒక మనిషి కొండ మీంచి దూకి కాళ్ళ మీద నిలబడ్డట్టుండేది.

మొదటిసారి క్లబ్బులో వాయించిన సాయంత్రం ఈసింగ్ బ్యాండువాళ్ళ అన్నం పొట్లాలు తీసుకెళ్ళి వంటగది గుమ్మంలో నిలబడింది. నలుగురూ ఆ పెట్టె దగ్గరే నేర్చుకున్నవాళ్ళు. గెంతు వచ్చేసరికి నలుగురూ ఒక్క ఊపిరిలో గెంతారు. పాటతోపాటు బల్లలు తడుతున్న నావికుల చేతులు గాల్లో ఆగిపోయాయి. తర్వాత హాలంతా నవ్వు. ఈలలు, చప్పట్లు. దోమెంగ్ మెచ్చుకున్నారనుకుని వంగి నమస్కారం చేశాడు.

యజమాని ఎవరో నావికుడి దగ్గర కొత్త రికార్డు అడిగి తెచ్చి, వెనక గదిలో వేసి వినిపించాడు. దోమెంగ్ నిలబడి విన్నాడు. ఆ చోటు రాగానే అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కడ ఇంకా ఉంది," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత అతను ఆ గెంతు మళ్ళీ వాయించలేదు. ఏ పాటైనా రెండు మూడు రికార్డుల మీద విని సరిచూసుకుంటే తప్ప వేదిక ఎక్కించేవాడు కాదు. 'ప్లాకా' అయింది అలాగే. పెళ్ళయింది, రోవెనా పుట్టింది, యుద్ధం ముగిసింది, ఓడలు వస్తూనే ఉన్నాయి. బదోంగ్ చేరేనాటికి మొదటి బ్యాండులో మిగతా ముగ్గురూ జపాను హోటళ్ళలో వాయించడానికి వెళ్ళిపోయారు, తర్వాత ఒకరి వెనక ఒకరు చనిపోయారు కూడా.

పినతూబో అగ్నిపర్వతం పేలి పట్టపగలు చీకటి కమ్మిన రోజున, కప్పు మీద తడిసిన బూడిద బరువుకి రేకులు మూలుగుతుంటే, ముగ్గురూ మెట్ల కింద ఇరుక్కుని కూర్చున్నారు. రోవెనా భయం పోగొట్టడానికి దోమెంగ్ గిటారు తీశాడు. ఆ పాత గెంతు ఒకసారి వాయించమంది ఈసింగ్.

"అది తప్పు కదా ఈసింగ్. తప్పుని వినడం ఎందుకు?" అన్నాడు.

చెయ్యి ఊరుకున్నా మనసు మర్చిపోలేదని ఆమెకి చివర్లో తెలిసింది. మూత్రపిండాలు పోయి, వారంవారం ఆసుపత్రిలో యంత్రం పక్కన గంటలకొద్దీ కూర్చోవలసి వచ్చినప్పుడు, అతని ఎడమచెయ్యి ఆమె ముంజేతి మీద ఉండేది. కళ్ళు మూసుకుని ఆమె చేతినే గిటారు మెడ చేసుకుని వాయించుకునేవాడు. ఆమె ఏ పాటో కనిపెట్టడానికి చూసేది, చాలాసార్లు తెలిసేది కాదు. ఒకనాడు వేళ్ళు మణికట్టు నుంచి మోచేతి దాకా పాకి వెళ్ళి, వంకర వేలు చర్మాన్ని పక్కకి నెట్టి వదిలి, చెయ్యంతా ఒక్కసారి మణికట్టు మీదకి జారింది. అతని మొహంలోకి చూసింది. కళ్ళు తెరవలేదు. ఆమె అడగలేదు.

*

తెరోయ్ కుర్చీలోంచి లేచాడు. రేపటికి ఏమీ తేలకపోతే తన పాటే ఒకటి వాయిస్తానని, లేదంటే ఊరికే నిలబడదామని అంటున్నాడు. పేటిక దగ్గరికి వచ్చి, తల వంచి, గుమ్మం వైపు తిరిగాడు. చావింట్లో వచ్చినవాళ్ళని ఇంటివాళ్ళు గుమ్మం దాకా సాగనంపకూడదు. వెనకాల వెళ్ళి నెమ్మదిగా అడిగే వీలు ఈసింగ్‌కి లేదు. అడిగితే ఉన్నచోటి నుంచే, అందరూ వినేట్టు అడగాలి.

"తెరోయ్, ఆగు. దోమెంగ్‌ది ఒకటుంది."

బయట పేకముక్కలు ఆగాయి.

ఆమె చెప్పింది. పాటలపెట్టె, గీత, గెంతు, నావికుల నవ్వు. భర్త ముప్పయ్యేళ్ళకు పైగా దాచుకున్న అవమానాన్ని అతని తల దగ్గరే కూర్చుని బయటపెడుతున్నానని ఆమెకి తెలుసు. మధ్యలో ఒకసారి అద్దం వైపు చూసింది. బదోంగ్ నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్ళు వెనక కూర్చుని కొట్టాను, నాకొక్కసారి చెప్పలేదే అన్నాడు.

"నాకు వాయించడం రాదు. పాడి వినిపిస్తాను. పట్టుకోగలిగితే నువ్వే పట్టుకోవాలి," అంది తెరోయ్‌తో.

తెరోయ్ తప్పించుకోలేదు. మూలనున్న దోమెంగ్ గిటారు తీసి, శ్రుతి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసింగ్ గొంతు సవరించుకుని, నోరు మూసుకునే కూనిరాగం తీసింది. స్వరం తప్పలేదు. పైదాకా వెళ్ళి, గెంతింది.

తెరోయ్ పైభాగం వెంటనే వాయించాడు, కిందిదీ వాయించాడు. మధ్యలో ఆగాడు.

"ఇంకోసారి."

ఇంకోసారి పాడింది. అతను రకరకాలుగా ప్రయత్నించాడు. ఒట్టి తీగని మోగించి దిగాడు. అది కాదంది. పైనుంచి కిందకి బరబరా జారాడు. అదీ కాదంది. చమట పట్టింది. ఇక్కణ్ణుంచి అక్కడికి చెయ్యి రాదు ఈసింగ్, నువ్వు మధ్యలో ఏదో మర్చిపోయావు అన్నాడు.

"మర్చిపోలేదు. నీ చెయ్యి ఇటివ్వు."

అతని ముంజెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. సందులోంచి తొంగిచూస్తున్నవాళ్ళు చూస్తుండగానే, తన వేళ్ళు అతని మణికట్టు నుంచి పైకి పాకించి, మోచేతి దగ్గర చిటికెనవేలుతో చర్మాన్ని పక్కకి నెట్టి, వదిలి, కిందకి జార్చింది. మళ్ళీ చేసింది. మూడోసారికి తెరోయ్ కళ్ళు మూసుకున్నాడు.

"నెట్టింది చిటికెనవేలుతోనా? దానికంత బలం ఎక్కడిది?"

ఆమె పేటిక వైపు చూసింది.

తెరోయ్ లేచి వెళ్ళి అద్దం మీదకి వంగాడు. జపమాల చుట్టలో ఇమడని ఆ వంకర వేలిని చూశాడు. ఆ ఊళ్ళో గిటారిస్టులు ఒకరి చేతులు ఒకరు చూసే నేర్చుకుంటారు. కొందరు తమ విద్య దొంగలు ఎత్తుకుపోకుండా వేదిక మీద పక్కకి తిరిగి వాయిస్తారు. దోమెంగ్ ఎప్పుడూ ఎదురుగానే నిలబడేవాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి వీడి చెయ్యి చూళ్ళేదు," అన్నాడు తెరోయ్, ఎవరితోనో తెలియకుండా. "చూడ్డానికేముంది, రికార్డులో ఉన్నదేగా అనుకున్నాను."

తిరిగొచ్చి కూర్చుని, తన చిటికెనవేలిని పక్కకి వాల్చి పెట్టాడు. తిన్నని వేలు, జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. సాయంత్రం ప్రార్థనకి ఆడవాళ్ళు వచ్చేదాకా అదే పని. వేలి చివర చర్మం లేచిపోయింది. చివరికి ఒకసారి తీగ ఏడ్చింది, చెయ్యి దిగింది, కింది స్వరం అందింది. బయట ఎవరో హమ్మయ్య అన్నారు.

తెరోయ్ ఈసింగ్ మొహంలోకి చూశాడు.

"దగ్గరగా ఉంది," అందామె. "అది కాదు."

అతను తలూపాడు. బాధపడ్డట్టు లేడు. గిటారుని గోడకి ఆనించి, గుడ్డ పేలికతో వేలు చుట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు పరే," అన్నాడు బదోంగ్ గుమ్మంలోంచి. "వాడు గొప్పవాడా, కాదా?"

"నీ కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు తెరోయ్.

*

మర్నాడు మధ్యాహ్నం పేటిక బండిని మగ్‌సాయ్‌సాయ్ వీధిలో, ఒకప్పుడు ఆ క్లబ్బు ఉండిన చోట ఆపారు. ఇప్పుడక్కడ టైర్ల పంక్చర్లు వేసే కొట్టుంది. కొట్టువాడు గాలి కొట్టే యంత్రం ఆపి, ఆ ప్లగ్గులోనే యాంప్లిఫయర్ తగిలించనిచ్చాడు. బదోంగ్‌కి ఒక్క డ్రమ్ము తెచ్చారు. ఎండ మండుతోంది. నల్లగొడుగు కింద ఈసింగ్, పక్కన రోవెనా.

తెరోయ్ తన జీవితంలో మొదటిసారి ఒక సోలోని రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా వాయించాడు. దారినపోయేవాళ్ళు ఆగారు. ఊళ్ళో ఆ పాట తెలియనివాళ్ళు తక్కువ. పాట పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, అందరి తలలూ తర్వాతి స్వరం కోసం సిద్ధమయ్యాయి. తీగ పక్కకి ఒరిగి ఏడ్చింది. తెరోయ్ చెయ్యి మెడ మీంచి కిందకి పడింది. బదోంగ్ దెబ్బ దానితోపాటే పడింది.

ఈసింగ్ ఎడమ ముంజేతి మీద కుడిచెయ్యి వేసుకుని నిలబడింది.

పక్కనే ఒకావిడ, పాత రోజుల్లో క్లబ్బులో బీరు అందించినావిడ, పెదవి విరిచింది. "అయ్యో పాపం, అక్కడ తప్పాడు. మన ప్లాకా అయితేనా, ఒక్క స్వరం పోనిచ్చేవాడు కాదు."

"తప్పు కాదు," అంది ఈసింగ్. "అక్కడ అంతే."

పాట ముగిశాక కొట్టువాడు ప్లగ్గు తీసి తన యంత్రం తగిలించుకున్నాడు. తెరోయ్ గిటారుని సంచీలో పెట్టకుండానే భుజానికి తగిలించుకుని నడిచాడు. బండి కదిలింది.